నది మొగ ఎందుకు కదులుతుంది?

పోయిన సంచికలో చిత్తడి నేలల గురించి నాలుగు మాటలు రాస్తే ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా వాటి మీదే వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ జవాబు రాయడం కుదరదు కాబట్టి ఏడింటిని తీసుకున్నాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాను. నదులు సముద్రంలో కలిసే చోట, అంటే మొగల దగ్గర, బురదలోకి దిగి మట్టి నమూనాలు తీయడమే ముప్పై ఏళ్లకు పైగా నా పని. నాకు ఇష్టమైన విషయం కావడంతో కొన్ని జవాబులు పొడుగయ్యాయి.

*ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. నదీముఖాలు, డెల్టాలు ఎంత పాతవి అని అడిగింది. కొండల్లాగే లక్షల ఏళ్ల నాటివి అని చెప్పాను. నేను చెప్పింది సరైనదేనా మేడమ్?*

కాదండీ. నది చాలా పాతది కావచ్చు. అది సముద్రంలో కలిసే చోటు మాత్రం భూమి వయసుతో పోలిస్తే నిన్న మొన్నటిది.

సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం ముదిరి ఉంది. సముద్రంలో ఉండాల్సిన నీళ్లు ఎన్నో ఖండాల మీద మంచుగా పేరుకుపోయాయి. దాంతో సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. ఇప్పుడు పడవలు తిరిగే చోట అప్పుడు పొడి నేల. నదులు ఆ నేలను కోసుకుంటూ, లోతైన లోయలు చేసుకుంటూ ఎంతో దూరం పారి అక్కడెక్కడో సముద్రంలో కలిసేవి. తర్వాత మంచు కరిగింది. సముద్రం పైకి లేచి ఆ లోయల్లోకి ఎక్కింది. అమెరికాలోని చెసపీక్ బే అలా మునిగిన సస్క్వెహానా నది లోయే. మ్యాప్‌లో చూస్తే చెట్టుకొమ్మలా చీలిన దాని ఆకారం ఇప్పటికీ నది లోయలాగే ఉంటుంది.

సుమారు 7,000 ఏళ్ల కిందట సముద్రం లేచే వేగం బాగా తగ్గింది. అప్పటిదాకా నది తెచ్చిన మట్టి కుదురుగా ఒక చోట పేరుకునేది కాదు. పేరుకునేలోపే సముద్రం ఇంకా లోపలికి వచ్చేసేది. వేగం తగ్గాక మట్టికి కాలూనే వీలు దొరికింది. ప్రపంచంలోని పెద్ద డెల్టాల్లో చాలావాటికి 8,500 నుంచి 6,500 ఏళ్ల కిందటి మధ్య కాలంలోనే పునాది పడింది. అప్పటికే మనుషులు కొన్నిచోట్ల పొలాలు దున్నుతున్నారు. అంటే మనం చూస్తున్న డెల్టాలు వ్యవసాయం కంటే వయసులో చిన్నవి. ఈ మాట మీ అమ్మాయికి చెప్పండి, తప్పకుండా గుర్తుంటుంది.

అప్పటి నుంచీ అవి ఆగింది లేదు. కొల్లేరు ఇప్పుడు సముద్రానికి దూరంగా, లోపల ఉన్న మంచినీటి సరస్సు. ఒకప్పుడు అది తీరాన్ని ఆనుకుని ఉన్న ఉప్పునీటి మడుగు. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క కృష్ణ మట్టి తెచ్చి పోస్తుంటే తీరం ముందుకు జరిగిపోయింది, మడుగు వెనక చిక్కుకుపోయింది. టర్కీలో ఎఫెసస్ అనే ప్రాచీన నగరం పెద్ద రేవు. పక్కనున్న నది రేవును ఒండ్రుతో పూడ్చేసింది. ఇవాళ ఆ శిథిలాల దగ్గర నిలబడితే సముద్రం కొన్ని కిలోమీటర్ల అవతల ఉంటుంది.

నేను కళ్లారా చూసిన ఒక్క సంగతి చెబుతాను. ఒక డెల్టాలో, తీరానికి చాలా లోపల, పొలం గట్టు మీద నిలబడి గొట్టం దింపాం. సగానికి నిలువునా కోసినట్టుండే ఉక్కు గొట్టం అది. తిప్పుతూ దింపి పైకి లాగితే మట్టి పొరలు పొరలుగా, వరస చెడకుండా బయటికి వస్తుంది. పైన గోధుమ రంగు వరద మట్టి. దాని కింద నల్లగా, కుళ్లిన గుడ్డు వాసన వేసే బురద, అందులో పీచుపీచుగా, ఉప్పునీళ్ల బురదలో పెరిగే మడ చెట్ల వేళ్లు. ఆ వేళ్లు వేల ఏళ్ల నాటివి, అయినా వేలితో లాగితే తెగకుండా సాగాయి. ఇంకా కిందికి పోతే బూడిద రంగు బంకమట్టి, దానిలో ఆల్చిప్పలు, రెండు చిప్పలూ ఇంకా మూసుకునే ఉన్నాయి. అవి కొట్టుకొచ్చినవైతే విడిపోయి ఉండేవి. అంటే అక్కడే పుట్టి అక్కడే చచ్చిపోయాయి. ఆ పొలం ఒకప్పుడు సముద్రపు అడుగు, ఆ తర్వాత మడ అడవి, ఆ తర్వాత వరద మైదానం. మూడు లోకాలు ఒకే గొట్టంలో ఉన్నాయి. పొలం యజమాని ఆ చిప్పను చేతిలోకి తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

*ప్రశ్న: పడవలో వెళ్తుంటే గమనించాను. ఎగువన నది కాస్త తేటగా ఉంటుంది, సముద్రంలోకి వెళ్తే నీళ్లు నీలంగా ఉంటాయి. రెండూ కలిసే చోట మాత్రం ఎప్పుడూ బురద రంగే. రెండు తేట నీళ్లు కలిస్తే బురద ఎలా అవుతుంది?*

ఇది ఇంట్లోనే చూడొచ్చు. రెండు గాజు గ్లాసులు తీసుకోండి. రెండింటిలోనూ ఒకే రకం బంకమట్టి నీళ్లు పోసి బాగా కలపండి. ఒక దానిలో చెంచాడు ఉప్పు వేసి మళ్లీ కలిపి, కదపకుండా వదిలేయండి. కాసేపటికి ఉప్పు వేసిన గ్లాసులో చిన్న చిన్న మట్టి తునకలు దూదిపింజల్లా ముద్దకట్టి కిందికి దిగడం కనిపిస్తుంది. ఉప్పు లేని గ్లాసు మరుసటి రోజుకు కూడా మసగ్గానే ఉండొచ్చు.

బంకమట్టి రేణువుల ఉపరితలం మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటూ నీళ్లలో తేలుతూ ఉంటాయి. ఉప్పునీళ్లు తగిలితే ఆ నెట్టుడు బలం తగ్గుతుంది. రేణువులు అతుక్కుంటాయి, బరువెక్కుతాయి, దిగుతాయి. నది వందల కిలోమీటర్లు మోసుకొచ్చిన మట్టిలో చాలా భాగాన్ని ఉప్పు తగిలిన చోటే వదిలేస్తుంది.

ఇందులో ఇంకో మలుపు ఉంది. ఉప్పునీళ్లు బరువు. అందుకని సముద్రపు నీళ్లు నది అడుగు నుంచి లోపలికి వస్తాయి, నది నీళ్లు వాటి మీద నుంచి బయటికి పోతాయి. ఒకే చోట పైన ఒక దిక్కు, కింద ఇంకో దిక్కు. పై నీళ్లలోంచి దిగిన మట్టిని కింది నీళ్లు పట్టుకుని మళ్లీ లోపలికి తెస్తాయి. దీనికి తోడు రోజూ సముద్రం పైకెక్కే పోటూ, వెనక్కి తీసే పాటూ వచ్చి అడుగు బురదను రేపుతాయి. మట్టి అలా అక్కడక్కడే తిరుగుతుంది. మీరు చూసిన బురద పట్టీ అదే. వరద రోజుల్లో అది సముద్రం వైపు జరుగుతుంది, ఎండాకాలంలో నది ఎగువకి వస్తుంది. ఈసారి వెళ్లినప్పుడు ఏ నెలలో ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకోండి.

*ప్రశ్న: ఉప్పుటేరు అంటే చిన్న నదే కదా?*

కొన్ని ఉప్పుటేళ్లు సరస్సు నీళ్లను సముద్రానికి చేరుస్తాయి, కాబట్టి కొంతవరకు అవును. కానీ చాలావాటికి ఎగువన మూలం అంటూ ఉండదు. పోటుకు నిండి, పాటుకు ఖాళీ అవుతూ బురదలో దారి కోసుకున్న కాలువలు అవి. నదికి నీళ్లు కొండ నుంచి వస్తే వీటికి సముద్రం నుంచి వస్తాయి.

*ప్రశ్న: మా వైపు మడుగు సముద్రంలో కలిసే మొగ ఇసుకతో మూసుకుపోతోంది. పొక్లెయిన్ పెట్టి తవ్విస్తే చేపలు పెరుగుతాయని కొందరు, ప్రకృతి జోలికి వెళ్లకూడదని కొందరు అంటున్నారు. ఊళ్లో గొడవలే అవుతున్నాయి. ఏది నిజం?*

ఈ ప్రశ్న మూడు ఉత్తరాల్లో వచ్చింది. రెండు పక్షాలకూ కొంత నిజం ఉంది. ముందు మొగ ఎందుకు మూసుకుంటుందో చూద్దాం.

అలలు తీరానికి ఏటవాలుగా వచ్చి తగులుతాయి. ఆ ఊపుకి ఇసుక తీరం వెంట నడుస్తూ పోతుంటుంది. ఆ ఇసుక మొగ దగ్గరికి వచ్చి దాన్ని పూడ్చాలని చూస్తుంది. దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేది లోపలికీ బయటికీ తిరిగే నీళ్లు. పోటుకి మడుగులోకి ఎన్ని నీళ్లు ఎక్కుతాయో, పాటుకి అన్నీ ఆ ఇరుకు దారిలోంచే పోవాలి. ఆ నీళ్లు ఎక్కువగా ఉంటే మొగ వెడల్పుగా ఉంటుంది. తగ్గితే ఇసుకదే పైచేయి. కాబట్టి మొగ మూసుకుంటోందంటే బయట ఇసుకను చూసి ఊరుకోకండి, లోపలికి వెళ్లి చూడండి. మడుగు పూడిపోయి లోతు తగ్గిందా? చుట్టూ చెరువులకు గట్లు వేసి పోటునీళ్లు పరుచుకునే చోటు తగ్గించారా? ఎగువన నది నీళ్లు ఆగిపోయాయా? వీటిలో ఏ ఒక్కటి నిజమైనా, తవ్విన మొగ మళ్లీ మూసుకుంటుంది. పొక్లెయిన్ డబ్బులు సముద్రంలో పోసినట్టే.

తవ్వడం పనికొచ్చిన చోటు లేకపోలేదు. ఒడిశాలోని చిలికా సరస్సులో ఒండ్రు పేరుకుని, సముద్రానికి వెళ్లే దారి పొడుగ్గా, ఇరుకుగా అయిపోయింది. నీళ్లలో ఉప్పు తగ్గింది, కలుపు మొక్కలు కమ్మేశాయి, చేపలు పడిపోయాయి. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలోకి ఎక్కింది. కొన్నేళ్లు అధ్యయనం చేశాక 2000 సెప్టెంబరులో కొత్త మొగ తెరిచారు. నీళ్లు వెళ్లే దారి 18 కిలోమీటర్లు తగ్గింది. ఉప్పు తిరిగి వచ్చింది, కలుపు తగ్గింది, చేపలూ రొయ్యలూ పీతలూ పెరిగాయి. 2002లో చిలికాను ఆ జాబితా నుంచి తీసేశారు. ఇంత బాగా జరిగిన చోట కూడా మొగలు తర్వాత జరుగుతూనే ఉన్నాయి, కొత్తవి తెరుచుకున్నాయి.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. దక్షిణాఫ్రికా, ఆగ్నేయ ఆస్ట్రేలియా తీరాల్లో ఎన్నో నదీముఖాలు వానలు తగ్గితే మూసుకోవడం, వానలు పడితే తెరుచుకోవడం సహజం. అలాంటి మొగను తొందరపడి తవ్వితే పైన ఉన్న ప్రాణవాయువు గల నీళ్లు ముందు బయటికి జారిపోతాయి. అడుగున కుళ్లిన నీళ్లు మిగులుతాయి. చేపలు గుట్టలుగా చచ్చి తేలిన సందర్భాలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. మీ మొగ ఎప్పుడూ తెరిచి ఉండేదా, ఏటా మూసుకుని తెరుచుకునేదా అన్నది ఊళ్లో పెద్దవాళ్లని అడగండి. వాళ్ల జ్ఞాపకాన్ని పాత మ్యాపులతో, ఉపగ్రహ చిత్రాలతో పోల్చండి. ల్యాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాల చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఆ పని అయ్యేదాకా పొక్లెయిన్ ఆపమనండి.

*ప్రశ్న: మా మహిళా సంఘం తరఫున రెండేళ్ల కిందట బురద నేలలో మడ మొక్కలు నాటాం. నడుముల్లోతు బురదలో దిగి ఎంతో ఇష్టంగా నాటాం. ఇప్పుడు పదింటికి ఒక్కటి కూడా లేదు. మా చేతుల్లో ఏదో లోపం ఉందేమో అనిపిస్తోంది. ఎక్కడ తప్పు చేశాం?*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ చేతుల్లో లోపం ఏమీ లేదు. ఎక్కడ నాటాలో మీకు చూపించినవాళ్లు తప్పు చోటు చూపించి ఉంటారు. ఇది ప్రపంచమంతా జరుగుతున్న తప్పు. ఫిలిప్పీన్స్‌లో పెద్ద ఎత్తున నాటిన మడ తోటలు ఇదే కారణంతో ఎన్నోచోట్ల పోయాయి.

ఖాళీగా కనిపించిన బురద అంతా మడ అడవికి పనికిరాదు. మడ చెట్టు ఉప్పును తట్టుకుంటుంది, నీళ్లను తట్టుకుంటుంది. కానీ దానికీ ఊపిరి కావాలి. తెల్ల మడ చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చే వేళ్లు చూసి ఉంటారు కదా, అవి గాలి పీల్చేవి. రోజులో కొన్ని గంటలైనా అవి నీళ్ల పైన ఉండాలి. అందుకే మడ అడవి సాధారణంగా సగటు సముద్రమట్టం నుంచి పెద్ద పోటు చేరే ఎత్తు వరకు ఉన్న పట్టీలో పెరుగుతుంది. అంతకంటే కింద, పాటు బాగా తీసినప్పుడు మాత్రమే బయటపడే బురదలో మొక్క పెడితే అది రోజులో ఎక్కువసేపు మునిగే ఉంటుంది. దాని కాండానికి గుల్లలు అంటుకుంటాయి, అలలు ఊపుతాయి, ఏడాది తిరక్కుండా ఒరిగిపోతుంది. నడుముల్లోతు బురద అన్నారు కదా, నాకు అక్కడే అనుమానం వచ్చింది. పైగా ఆ బురద నేల ఖాళీది కాదు. వలస పక్షులకు, పీతలకు, నత్తలకు అదే ఇల్లు.

రెండో తప్పు మొక్క ఎంపికలో జరుగుతుంది. ఉప్పు పొన్న అనే మడ జాతి గింజ చెట్టు మీదే మొలకెత్తి, మూరెడు కాడలా వేలాడుతుంది. ఏరుకోవడం తేలిక, గుచ్చడం తేలిక. అందుకే అందరూ దాన్నే నాటుతారు. నీళ్ల అంచున ముందుగా కాలూనేవి చాలాచోట్ల వేరే జాతులు.

ఏం చేయాలంటే, మొక్కల కంటే ముందు నీళ్ల దారి చూడాలి. ఆ చోట ఒకప్పుడు మడ అడవి ఉండేదా? ఉంటే ఎందుకు పోయింది? చెట్లు కొట్టేసిన చోట నేల ఎండి కుంగి పళ్లెంలా అవుతుంది. పోటుకి ఎక్కిన నీళ్లు పాటుకి బయటికి పోవు. ఎండకు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నేల సముద్రం కంటే ఉప్పగా తయారవుతుంది, మడ మొలక కూడా బతకదు. తమిళనాడు పిచ్చావరంలో, మన గోదావరి, కృష్ణా డెల్టాల్లో స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, తీర గ్రామాల వాళ్లు కలిసి దీనికి ఒక దారి చేశారు. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు, చేప ముల్లు ఆకారంలో తవ్వారు. పోటునీళ్లు లోపలి దాకా వచ్చి, పాటుకి ఉప్పును కడుక్కుని వెళ్లడం మొదలైంది. ఆ తర్వాత నాటినవి నిలబడ్డాయి. అడవి దగ్గర్లో ఉండి నీళ్ల దారి బాగుపడితే గింజలు వాటంతట అవే కొట్టుకొచ్చి మొలుస్తాయి, నాటే పనే చాలావరకు తగ్గుతుంది.

పోటు పెద్దగా ఉండే ఒక పౌర్ణమి రోజు, చిన్నగా ఉండే ఒక అష్టమి రోజు మీరు అక్కడికి వెళ్లండి. నీళ్లు ఎంత వరకు ఎక్కుతున్నాయో, ఎంతసేపు నిలబడుతున్నాయో రెండు రోజులూ కర్రలు పాతి గుర్తు పెట్టండి. పక్కనే బతికి ఉన్న మడ చెట్ల మొదళ్లు ఏ ఎత్తులో ఉన్నాయో చూడండి. మీరు నాటిన చోటు ఆ ఎత్తు కంటే ఎంత కిందుందో అప్పుడు తెలుస్తుంది. ఆ కొలతలు నాకు రాయండి. మళ్లీ నాటడానికి సంఘంలో వాళ్లు వెనకాడుతున్నారని రాశారు. వాళ్లకి ఈ జవాబు చదివి వినిపించండి.

*ప్రశ్న: ఎగువన డ్యాములు కట్టాక తీరం కోతకు గురవుతోందని పేపర్లలో చదువుతున్నాం. డ్యాము వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే తీరానికి ఏమవుతుంది? ఇంకో సందేహం, సముద్రం పెరిగితే ఈ చిత్తడి నేలలన్నీ మునగాల్సిందేనా?*

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది, అందుకే కలిపి రాస్తున్నాను.

డెల్టా నేల ఊరికే కూర్చుని ఉండదు. వదులుగా పేరుకున్న బురద తన బరువుకి తానే అణిగి ఏటా కొంచెం కుంగుతుంది. ఆ కుంగుడును నది తెచ్చే కొత్త మట్టి భర్తీ చేస్తూ ఉండాలి. దీన్ని నేను ఒండ్రు జమాఖర్చు అంటాను. డ్యాము నీళ్లను వదులుతుంది గానీ మట్టిని జలాశయం అడుగున పట్టేసుకుంటుంది. జమ ఆగిపోతుంది. కుంగడం, అలల కోత ఆగవు. నైలు నది మీద ఆస్వాన్ హై డ్యాము 1970లో పూర్తయ్యాక, అంతకుముందు సముద్రంలోకి చొచ్చుకుని పెరిగిన రోసెట్టా కొనను అలలు ఇంకా వేగంగా కోసుకుంటూ పోయాయి. అమెరికాలోని లూసియానా తీరం 1932 నుంచి 2016 మధ్య సుమారు 4,800 చదరపు కిలోమీటర్ల నేల పోగొట్టుకుంది. అక్కడ డ్యాములతో పాటు మిసిసిపీ నదికి రెండు వైపులా కట్టిన కరకట్టలది, చమురు కోసం చిత్తడి నేలల్లో తవ్విన కాలువలది కూడా పాత్ర ఉంది. కరకట్టల మధ్య బంధించిన నది తన మట్టిని పక్క నేలలకు పంచలేక లోతు సముద్రంలో పడేస్తోంది.

అదే రాష్ట్రంలో దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. వరద ముప్పు తగ్గించాలని 1941 ప్రాంతంలో అట్చఫలాయ నది నుంచి వాక్స్ లేక్ అనే చోట సముద్రానికి ఒక కాలువ తవ్వారు. డెల్టా పుట్టించాలని ఎవరూ అనుకోలేదు. నీళ్ల కింద మట్టి మాత్రం పేరుకుంటూ పోయింది. 1973 వరద తర్వాత కొత్త దిబ్బలు నీళ్ల పైకి తేలాయి. చుట్టూ తీరం కరిగిపోతుంటే అక్కడ మాత్రం గడ్డి, చెట్లు, పక్షులతో కొత్త నేల ఇప్పటికీ పెరుగుతోంది. మట్టి, నీళ్లు రెండూ అందిన చోట నది ఇవాళ్టికీ నేలను కడుతుంది.

ఇక సముద్రం పెరగడం సంగతి. ఇప్పుడు ప్రపంచ సగటున ఏడాదికి 4 నుంచి 5 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. చిత్తడి నేలకు దీన్ని తట్టుకునే గుణం కొంత ఉంది. నీళ్లు కాస్త ఎక్కువసేపు నిలిస్తే మట్టి కాస్త ఎక్కువ దిగుతుంది, మొక్కల కాండాలు దాన్ని పట్టుకుంటాయి, వేళ్లు కిందినుంచి నేలను ఉబ్బిస్తాయి. నేల కూడా పైకి లేస్తుంది. దీనికి ఒక హద్దుంది. మంచుయుగం తర్వాతి పాత మట్టి పొరలు చదివిన శాస్త్రజ్ఞులు, ఏడాదికి 6-7 మిల్లీమీటర్లు దాటితే మడ అడవులు తట్టుకోవడం కష్టమని 2020లో చెప్పారు. నేల కుంగుతున్న డెల్టాల్లో ఆ హద్దు ఇంకా త్వరగా వస్తుంది, ఎందుకంటే సముద్రం లేచేది, నేల దిగేది రెండూ కలుస్తాయి.

పైకి లేవలేని చిత్తడి నేల వెనక్కి జరగాలని చూస్తుంది. వెనక గోడో, రోడ్డో, చెరువు గట్టో ఉంటే ముందు సముద్రం, వెనక గోడ, మధ్యలో నలిగిపోతుంది. నాకు దుఃఖం కలిగించేది ఇదే. సముద్రం పెరగడాన్ని మనం ఒక్క ఊళ్లో ఆపలేం. వెనక జాగా వదలడం మాత్రం ఊరి చేతుల్లోనే ఉంటుంది.

గట్టు వేస్తే లోపలి నేల భద్రం అనుకుంటాం. బంగ్లాదేశ్ నైరుతి తీరంలో 1960లలో దీవుల చుట్టూ కట్టలు పోశారు. పోటునీళ్లు ఆగాయి, వాటితో వచ్చే ఒండ్రు కూడా ఆగింది. యాభై ఏళ్లలో అలాంటి ఒక దీవి లోపలి నేల, పక్కనే కట్టలు లేని సుందరబన్ అడవి నేల కంటే మీటరు నుంచి మీటరున్నర కిందికి పోయింది. 2009లో ఐలా తుపానుకు ఆ కట్టలు తెగి దాదాపు రెండేళ్లు అలాగే ఉండిపోయాయి. జనం పడ్డ కష్టం మాటల్లో చెప్పేది కాదు. ఆ రెండేళ్లలో పోటు తెచ్చిన మట్టి మాత్రం కొన్నిచోట్ల పదుల సెంటీమీటర్ల మందాన పేరుకుంది. దశాబ్దాల పాటు రాని జమ రెండేళ్లలో వచ్చింది. అందుకే కట్టను అప్పుడప్పుడూ, ఒక్కో భాగంలో, జనం ఒప్పుకున్న చోట తెరిచి పోటును లోపలికి రానిచ్చే పద్ధతిని ఆ దేశంలో కొన్నిచోట్ల ఇప్పుడు కావాలనే పాటిస్తున్నారు. ఇంగ్లండులోని స్టీర్ట్‌లో 2014లో గట్టు తెగ్గొట్టి పొలాల మీదికి పోటును వదిలారు, అక్కడ చిత్తడి నేల మళ్లీ పుట్టింది.

*ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. మా స్కూల్ దగ్గర ఉప్పుటేరు పక్కన బురద నేల ఉంది. అది పెరుగుతోందా తగ్గుతోందా మేమే కొలవగలమా? మా సార్ పెద్ద మిషన్లు కావాలి అన్నారు.*

మిషన్లు అక్కర్లేదు నాన్నా. శాస్త్రజ్ఞులు చాలామంది చేసే పనే చెబుతాను. గట్టి పింగాణీ టైల్ ఒకటి తీసుకో. పోటు ఎక్కే నేలలో, అందరూ నడవని చోట, ఒక జానెడు లోతులో దాన్ని సమతలంగా పాతిపెట్టి, తీసిన బురదే మళ్లీ మీద కప్పెయ్. పక్కన రెండు మీటర్ల దూరంలో ఒక వెదురు గడ పాతు, చోటు మర్చిపోకుండా. గడ మరీ దగ్గరగా ఉంటే నీళ్లు దాని చుట్టూ సుడి తిరిగి కొలత పాడవుతుంది. బురద సర్దుకోవడానికి నెల రోజులు వదిలెయ్.

తర్వాత సన్నటి ఇనుప చువ్వ నిలువుగా దింపు. టైల్‌కి తగిలి టక్ మంటుంది. చువ్వ మీద నేల ఉన్న చోట వేలు పెట్టి పైకి తీసి స్కేలుతో కొలువు. ఒక్కసారి కాదు, టైల్ మీద ఐదు చోట్ల కొలిచి సగటు రాసుకో. మూడు నెలలకు ఒకసారి అలా కొలిస్తే చాలు. లోతు పెరిగితే మట్టి చేరుతోంది, తగ్గితే కోతపడుతోంది. టైల్ ఒక్కటే పెట్టకు, ఏటికి దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి, మొక్కల మధ్య ఒకటి పెట్టు. మూడూ ఒకేలా రావు, ఎందుకు రావో మీ క్లాసులో మాట్లాడుకోండి.

పాటు సమయం తెలుసుకుని, పెద్దవాళ్లు తోడుంటేనే దిగాలి. మోకాలు దాటి కూరుకుపోయే చోటికి వెళ్లకండి. తేదీ, పోటు ఎత్తు, ముందు రోజు వాన పడిందా లేదా అన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. నువ్వు పదో తరగతికి వచ్చాక ఆ నోటుబుక్కు తర్వాతి క్లాసు పిల్లలకి ఇచ్చెయ్యి, టైళ్లు ఎక్కడున్నాయో మొదటి పేజీలో బొమ్మ గీసి.